తాగుడు మానినవారికి నాట్యము

వ్యసనము అనగా మానవలెనన్నను మానలేని అలవాటు. తోటలలోని కల్లు దుకాణముల వలన ఎన్ని కుటుంబములు చెడినవో మన పెద్దలకు తెలియును. తాగుడు మానుట ఒక కష్టము; మానిన తరువాత ఒంటరితనమును ఓర్చుకొనుట అంతకంటె పెద్ద కష్టము.

ఇంగ్లండులో పాల్ బేయ్స్ కిచర్ అను బ్యాలే నర్తకుడు తాను వ్యసనమునుండి బయటపడి, 2011లో ఫాలెన్ ఏంజెల్స్ డ్యాన్స్ థియేటర్ అను సంస్థను స్థాపించెను. అందు కోలుకొనుచున్నవారే నాట్యము నేర్చి రంగస్థలము ఎక్కుదురు. నోరు చెప్పలేని సిగ్గును, దుఃఖమును దేహము చెప్పగలదు. పైగా సాధనకు వేళ తప్పరాదు, తోడివారు ఎదురుచూచుచుందురు.

మన కోలాటమును అట్టిదే. ఒకడు రాకున్న జత చెడును, ఎదుటివాని కోలకు కోల దొరకదు. అడుగు తప్పునను భయము వలదు; తప్పనివారు మా గుడిలో ఒక్కరును లేరు! అయితే వైద్యుని చికిత్సకు ఇది బదులు కాదు. నేర్పువారు సాయంకాలమునే ఎంచుకొనవలెను. మనసు కల్లువైపు లాగు వేళ అదియే.