సిరాజ్‌ను ఎందుకు వదిలేశారు? ఐపీఎల్ జట్ల లెక్క ఇదీ

ఐపీఎల్ ఫైనల్ అయిపోగానే జట్ల పని అయిపోదు. ఎవర్ని ఉంచుకోవాలి, ఎవర్ని వదలాలి అనే లెక్క అప్పుడే మొదలవుతుంది. నల్గొండ, మహబూబ్‌నగర్ గ్రౌండ్లలో ఆడే పిల్లల అమ్మీ అబ్బాలకు ఈ లెక్క తెలిసుండాలి.

2025 సీజన్‌కు ఒక్కో జట్టు ఖర్చు పరిమితి 120 కోట్ల రూపాయలు. అప్పుడు పాతవాళ్లలో ఆరుగురి దాకా ఉంచుకునే వీలుండేది. హైదరాబాద్ ఐదుగురికే 75 కోట్లు పెట్టింది. మిగతా జట్టంతా 45 కోట్లలో కొనాల్సి వచ్చింది.

మన హైదరాబాదీ, ఆటో డ్రైవర్ కొడుకు మహ్మద్ సిరాజ్‌ను బెంగళూరు ఏడు సీజన్ల తర్వాత వదిలేసింది. 2024 నవంబర్‌లో జెద్దాలో జరిగిన వేలంలో గుజరాత్ 12.25 కోట్లకు కొనుక్కుంది. 2025 ఏప్రిల్‌లో అతను ఉప్పల్‌లో హైదరాబాద్ మీదే 17 పరుగులిచ్చి 4 వికెట్లు తీశాడు.

వేలంతో పని లేకుండా జట్టు మారే దారి ట్రేడ్. 2025 నవంబర్‌లో మహ్మద్ షమీ అలాగే హైదరాబాద్ నుంచి లక్నోకు వెళ్లాడు, అదే 10 కోట్ల ధరకు.

అంటే జట్టు వదిలేసిందంటే ఆట రాదని కాదు, చాలాసార్లు లెక్క కుదరలేదని. సెలక్షన్‌లో పేరు రాని పిల్లోణ్ని ఇంట్లో తిట్టేముందు సిరాజ్ సంగతి ఒకసారి గుర్తు చేసుకోవాలి.