బండ బరువు, గుట్ట ఎత్తు

రెండడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, అంగుళం మందం. పాలిష్ పట్టిన తాండూరు బండ ఒక్కటి తూకం వేస్తే 25 కిలోలకు అటూ ఇటూ ఉంటుంది. ఇప్పుడు పది టైర్ల లారీ సంగతి చూడండి. అది 19 టన్నుల సరుకు మోస్తుందనుకుందాం. అంత రాయినీ సందు లేకుండా తొట్టిలో పరిస్తే అర మీటరు ఎత్తు కూడా రాదు. కళ్లకు లారీ ఖాళీగానే కనిపిస్తుంది, కాంటా మాత్రం నిండిందంటుంది. ఇంకో వంద బండలు వేస్తే ఏమవుతుందిలే అనిపించేది అక్కడే. వంద బండలంటే రెండున్నర టన్నులు.

ఏమవుతుందో 1958-60 మధ్య అమెరికాలోని ఇలినాయ్‌లో రోడ్లు వేసి, వాటి మీద లారీలను తిప్పి తిప్పి కనిపెట్టారు. ఇరుసు మీద బరువు పెరిగితే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు నాలుగో ఘాతంలో పెరుగుతుందని తేలింది. అంటే ఇరుసు మీద 20 శాతం ఎక్కువ పడితే రోడ్డు అరుగుదల రెట్టింపు. 2018లో కేంద్రం మూడు ఇరుసుల లారీ మొత్తం బరువు పరిమితిని 25 టన్నుల నుంచి 28.5 టన్నులకు పెంచింది. లారీ యజమానికి అది లాభమే. రోడ్డుకు పడే బిల్లు ఇంకొకరు కడతారు.

తాండూరుకు రైలు లేదా అంటే, 1874 నుంచీ ఉంది. సికింద్రాబాద్ నుంచి వాడి దాకా నిజాం రైల్వే వేసిన లైను ఈ ఊరి మీదుగానే వెళ్తుంది. వాడి దగ్గర బొంబాయి-మద్రాసు లైనులో కలుస్తుంది. వికారాబాద్ నుంచి బీదర్ వైపు ఇంకో లైను 1930లో వచ్చింది. దారులకు ఇక్కడ ఎప్పుడూ కొదవ లేదు. అయినా బండలు ఎక్కువగా లారీలెక్కే పోతున్నాయి. ఎందుకు?

రైలు బలం ఇనుప చక్రంలో ఉంది. చదును దారిలో టన్ను బరువు కదులుతూ ఉండాలంటే లారీకి 8 కిలోల లాగుడు కావాలి. పట్టాల మీద వ్యాగనుకు 2 కిలోలు చాలు. టైరు నేలను తాకిన చోటల్లా నొక్కుకుని మళ్లీ లేస్తుంది, ఆ నలుగుడులోనే డీజిల్ వేడిగా మారి పోతుంది. ఇనుము నలగదు. నాలుగింతల తేడా అన్నమాట.

కానీ తాండూరుకూ హైదరాబాద్‌కూ మధ్య అనంతగిరి ఉంది. ఈ గుట్టలకు తూర్పున పడిన వాన మూసీలోకి, పడమట పడింది కాగ్నాలోకి పోతుంది (చివరికి రెండూ కృష్ణలోనే కలుస్తాయనుకోండి). తాండూరు నుంచి వికారాబాద్‌కు రైలు దారి సుమారు 40 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ఎత్తు దాదాపు 180 మీటర్లు. ఎత్తుకు ఇనుము, రబ్బరు అనే తేడా లేదు. టన్ను సరుకును అంత పైకి చేర్చడానికి ఎవరికైనా అర యూనిట్ కరెంటుకు సమానమైన శక్తి కావాలి. రాపిడికి రైలు పెట్టే ఖర్చు ఆ దూరమంతటికీ పావు యూనిట్ కూడా కాదు, లారీకి 0.9 యూనిట్ దాకా అవుతుంది. రెండూ కలిపితే రైలుకు 0.7, లారీకి 1.4. నాలుగింతల తేడా గుట్ట దగ్గరికొచ్చేసరికి రెండింతలైంది. అందుకే రోడ్డు మలుపులు తిరుగుతూ ఘాటెక్కితే, రైలు ధారూరు మీదుగా వాలు తగ్గించుకుంటూ వెళ్తుంది. దిగేటప్పుడు మాత్రం ఇప్పటి త్రీ-ఫేజ్ ఎలక్ట్రిక్ ఇంజన్లు మోటార్లను జనరేటర్లుగా తిప్పి కొంత కరెంటు తీగకు వాపసిస్తాయి. లారీ బ్రేకులు వేడెక్కడం తప్ప ఏమీ ఇవ్వవు.

రెండింతలైనా లాభమే కదా? ఇక్కడే అసలు చిక్కు. ఊరికే లెక్క కోసం, టన్నును కిలోమీటరు మోయడానికి లారీకి 3 రూపాయలు, రైలుకు రూపాయిన్నర అనుకుందాం. రైలుకైతే పాలిష్ యూనిట్ నుంచి గూడ్స్ షెడ్డుకు ఒక బండి, అక్కడ దింపి ఎక్కించే హమాలీ కూలి, అవతలి ఊళ్లో మళ్లీ అంతా. ఇదంతా టన్నుకు 450 అనుకుంటే, 300 కిలోమీటర్లు దాటితే గానీ రైలు గిట్టుబాటు కాదు. హైదరాబాద్ 115 కిలోమీటర్లే. పైగా చేతులు మారిన ప్రతిసారీ కొన్ని బండల అంచులు పగులుతాయి, పగిలిన బండకు ధర రాదు.

గూడ్సు బండికి 40 నుంచి 60 వ్యాగన్లు, నిండాలంటే వేల టన్నులు కావాలి. కరన్‌కోట్‌లోని సీసీఐ లాంటి సిమెంటు కర్మాగారానికి అది పెద్ద విషయం కాదు. రోజుకో రెండు లారీల బండలు తయారుచేసే యూనిట్‌కు మాత్రం అది అందని మాట. అంటే ఇక్కడ లేనిది పట్టాలు కాదు, పట్టాల పక్కన చిల్లర సరుకును కూడగట్టే జాగా.

కేంద్రం 2021 అక్టోబర్‌లో మొదలుపెట్టిన గతిశక్తి పథకం ఈ చూపునే ఇవ్వాలి. రోడ్లు, రైళ్లు, గనులు, అడవులు, పరిశ్రమలను ఒకే డిజిటల్ పటం మీద పొరలు పొరలుగా పరిచి, రాష్ట్రాలు తమ పొరలను కలిపి, ఏ శాఖ పని ఏ శాఖకు అడ్డమో ముందే చూసుకోవడం దాని ఉద్దేశం. మరుసటి ఏడాది జాతీయ లాజిస్టిక్స్ విధానం వచ్చింది. సరుకు రవాణాలో రైలు వాటాను 27 శాతం నుంచి 2030కల్లా 45కు చేర్చాలని జాతీయ రైలు ప్రణాళిక అంటోంది. 1951లో ఆ వాటా 80 శాతం పైమాటే! పటం మంచిదే. కానీ పటంలో గీతలు గీయడం తేలిక, గీతలు కలిసే చుక్క దగ్గర పని కష్టం. మన దగ్గర ప్రణాళిక అనగానే ముందు రోడ్డు వెడల్పే గుర్తొస్తుంది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా 46 కిలోమీటర్ల దారిలో వందల మర్రిచెట్ల మీద ఏళ్ల తరబడి వివాదం నడిచింది. వికారాబాద్ నుంచి కృష్ణ స్టేషన్‌కు కొత్త లైను కావాలన్న కోరికా పాతదే. వాటిని కాదనను. అయితే సరుకు ఎక్కడ చేతులు మారుతుందన్న ప్రశ్న వాటి తర్వాత కాదు, ముందు రావాలి.

ఆ చుక్క దగ్గర పనికొచ్చేది 20 అడుగుల కంటెయినర్. బండల్లాంటి బరువైన సరుకుకు పొడవాటి 40 అడుగుల పెట్టె దండగ, చిన్నదే సగం నిండకముందే తూకానికి సరిపోతుంది. యూనిట్ దగ్గరే బండలు పేర్చి తాళం వేస్తే, స్టేషన్లో క్రేను పెట్టెనే ఎత్తుతుంది, బండను ఎవరూ ముట్టుకోరు. ఒక్కో యజమాని ఒక్కో పెట్టె ఇస్తే రైలు నిండుతుంది. ఇందాకటి లెక్కలో 450 కాస్తా 150కి దిగితే, గిట్టుబాటు దూరం 100 కిలోమీటర్లకు వస్తుంది, హైదరాబాద్ కూడా అందులో పడుతుంది. ఇదే లైను మీద సనత్‌నగర్‌లో కాంకర్ వారి కంటెయినర్ డిపో ఎప్పటినుంచో ఉంది.

మిగిలింది తిరుగు ప్రయాణం. బొగ్గు తెచ్చిన పైకప్పు లేని వ్యాగన్లో సిమెంటు వేయలేరు, సిమెంటు పట్టుకెళ్లిన మూత వ్యాగన్లో బొగ్గు రాదు. రెండూ ఒక దారి ఖాళీగానే నడుస్తాయి. కంటెయినర్‌కు ఆ పట్టింపు తక్కువ. బండలతో వెళ్లిన పెట్టె ఎరువుల బస్తాలతోనో కిరాణా సరుకుతోనో రావచ్చు. 2022లో జీఐ గుర్తింపు పొందిన తాండూరు కందులు కోతల తర్వాత కొన్ని నెలలు పెట్టెలు అడుగుతాయి. ఏ నెలలో ఏ దిక్కుకు ఎన్ని టన్నులు పోతున్నాయో, ఎన్ని పెట్టెలు ఖాళీగా వస్తున్నాయో లెక్క తీయడం ఏ జిల్లా అధికారులకైనా మొదటి పని. గతిశక్తి పటంలో ఆ పొర ఉంటేనే క్రేను ఎక్కడ నిలబెట్టాలో తెలుస్తుంది.