చక్రాల మీద ఇల్లు, ఇసుక మీద మజిలీ

పలమనేరు నుంచి పుంగనూరు వైపు సాగే రోడ్డు 42వ నంబరు జాతీయ రహదారి. మదనపల్లె, కదిరి, అనంతపురం దాటి ఉరవకొండ దాకా వెళ్తుంది. కౌండిన్య అడవి పచ్చదనం, టమాటా తోటలు, మామిడి తోపులు ఒక్కొక్కటే వెనకబడతాయి. కదిరి దగ్గరపడేసరికి చెనిక్కాయ చేలు, బోడికొండలు, ఎర్రటి దుమ్ము ఎదురవుతాయి. ఉరవకొండ నుంచి పడమరగా కణేకల్లు మీదుగా బొమ్మనహాళ్ వైపు తిరిగితే, వేదవతి నది పక్కన దర్గా హొన్నూరు, గోవిందవాడ పరిసరాల్లో ఇసుక దిబ్బలు లేచి ఉంటాయి. ఎడారి సన్నివేశాల కోసం సినిమావాళ్లు కూడా ఇక్కడికి వచ్చారు. ‘పేదల ఊటీ’గా పేరుపడ్డ చల్లని పలమనేరు నుంచి ఎడారిని తలపించే నేలకు ఒక్క పగటి ప్రయాణం చాలు.

ఇలాంటి దారుల్లో సొంత ఇంటినే వెంట తీసుకెళ్లాలన్న కోరిక ఇప్పుడు మన దగ్గరా బలపడుతోంది. బెంగళూరులో మోటార్‌హోమ్‌లు అద్దెకిచ్చే సంస్థలు వెలిశాయి. కేరళ 2021లో ‘కేరవాన్ కేరళ’ పేరుతో ఈ తరహా పర్యాటకానికి ఒక విధానమే తెచ్చింది. ఆంధ్రప్రదేశ్ పర్యాటక శాఖ కూడా అటువైపు అడుగులు వేస్తోంది. బెంగళూరు, చెన్నై మధ్య దారిలో ఉన్న పలమనేరుకు ఈ బండ్లు కొత్తేమీ కాబోవు. అయితే కొండకో, సముద్ర తీరానికో ఈ బండిలో వెళ్లడం ఒక ఎత్తు, ఎండిన నేలకు వెళ్లడం మరో ఎత్తు. అక్కడ ప్రతి సౌకర్యానికీ లెక్క ఉంటుంది.

బండిలో ఏముంటుంది?

సినిమా షూటింగుల పుణ్యమా అని ‘కారవాన్’ అనగానే తెలుగువాళ్లకు తారలు విశ్రాంతి తీసుకునే పెద్ద బస్సు గుర్తొస్తుంది. పర్యాటకుల బండి అంత ఆర్భాటంగా ఉండదు. మన దేశంలో ఎక్కువగా టెంపో ట్రావెలర్ లాంటి వాహనాన్నే మార్చి, ఇద్దరి నుంచి నలుగురు పడుకునేలా తయారు చేస్తున్నారు. పగలు సీట్లుగా ఉన్నవి రాత్రికి పడకలవుతాయి. ఒక పొయ్యి, చిన్న సింకు, ఫ్రిజ్, మరుగుదొడ్డి, మంచినీళ్ల ట్యాంకు, వాడిన నీళ్లకు వేరే ట్యాంకు, పైకప్పు మీద సోలార్ పలకలు, కింద బ్యాటరీలు ఉంటాయి. తనే ఇంజన్‌తో నడిచేది మోటార్‌హోమ్. మరో బండి వెనక తగిలించి లాక్కెళ్లేది కారవాన్. వాడుకలో రెండింటినీ కారవాన్ అనే పిలుస్తున్నారు.

ఇంటి సరంజామాతో దారిపట్టడం తెలుగువాళ్లకు పాత అలవాటే. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయల్దేరినప్పుడు వెంట పెద్ద పరివారం, డేరాలు, వంట సామాను ఉన్నాయి. తిరుపతి, కడప మీదుగా సాగిన ఆ ప్రయాణంలో ఏ ఊళ్లో దిగడానికి చోటుంది, నీళ్ల వసతి ఎలా ఉంది, ఏ సరుకులు దొరుకుతాయి అన్నది ఆయన శ్రద్ధగా రాసిపెట్టారు. వంటమనిషిని, గ్యాసు పొయ్యిని వెంటబెట్టుకుని బస్సులో కాశీ, రామేశ్వరం తిరిగే మన యాత్రికులదీ అదే పద్ధతి. మజిలీ ఎంపికలో వీరాస్వామయ్య చూసుకున్న విషయాలనే ఈనాటి మోటార్‌హోమ్ ప్రయాణికుడూ చూసుకోవాలి. అందులో మొదటిది నీరు.

నీళ్ల లెక్క

పొడి వేడిలో చెమట పట్టిన వెంటనే ఆరిపోతుంది. ఒంట్లోంచి ఎంత నీరు పోతోందో తెలియదు. అందుకే ఎడారి ప్రాంతాల్లో మనిషికి రోజుకు తాగడానికే కనీసం నాలుగు లీటర్లు దగ్గర ఉంచుకోమని చెబుతారు. వంటకు, గిన్నెలకు, ముఖం కడుక్కోవడానికి ఎంత పొదుపు చేసినా మరో ఆరు లీటర్లు కావాలి. నలుగురు మూడు రోజులు ఉంటే 120 లీటర్లు. లీటరు నీళ్లు కిలో బరువు కాబట్టి, ఆ నీళ్లు ఇద్దరు పెద్దమనుషులంత బరువు. ఇంట్లోలాగా షవర్ తిప్పితే మొదటి రోజు సాయంత్రానికే ట్యాంకు ఖాళీ. అనుభవమున్నవాళ్లు తాగునీటిని ట్యాంకులో కాకుండా విడి క్యాన్లలో పెడతారు. ట్యాంకు గొట్టం ఊడినా, పంపు చెడినా ప్రాణాధారం మిగులుతుంది.

వంటలోనూ ఈ పొదుపు పనికొస్తుంది. జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి, బొరుగులు, వేయించిన పప్పులు, ఊరగాయ కట్టుకుంటే కడగాల్సిన గిన్నెలు తగ్గుతాయి. కరువు నేల నేర్పిన ఈ సద్దిమూటకు మించిన ఎడారి ఆహారం వెతకనక్కర్లేదు.

విద్యుత్తుదీ ఇదే కథ. 12 వోల్టుల, 100 ఆంపియర్-అవర్ల లిథియం బ్యాటరీలో నిల్వ ఉండేది సుమారు 1.2 యూనిట్ల కరెంటు. చిన్న ఏసీకి గంటకు దాదాపు ఒక యూనిట్ కావాలి. అంటే ఆ బ్యాటరీ మీద ఏసీ గంటకు కాస్త ఎక్కువ సేపు నడుస్తుంది. అదే బ్యాటరీ మీద చిన్న ఫ్యాను రాత్రంతా తిరిగినా ఇంకా మిగులుతుంది. సోలార్ పలకలకు ఎండ కావాలి, బండికి నీడ కావాలి. రెండూ ఒకే చోట కుదరవు. అందుకే చాలామంది విప్పి వేరుగా పరుచుకునే పలకలు తీసుకెళ్లి, బండిని చెట్టు నీడన పెట్టి, పలకలను ఎండలో ఉంచుతారు.

ఇసుకలో చక్రం

మోటార్‌హోమ్ బరువులో ఎక్కువ భాగం వెనక ఇరుసు మీద పడుతుంది. పైగా బండి అడుగుభాగం నేలకు దగ్గరగా ఉంటుంది. అందువల్ల దీన్ని మెత్తటి ఇసుకలోకి దించకపోవడమే మేలు. గట్టి బాట మీద ఆపి, దిబ్బల దగ్గరికి కాలినడకన వెళ్లాలి. తప్పనిసరై ఇసుక దాటాల్సివస్తే టైర్లలో గాలి తగ్గిస్తారు. గాలి తగ్గిన టైరు వెడల్పుగా పరుచుకుని, బరువును ఎక్కువ చోటుకు పంచుతుంది. మళ్లీ తారు రోడ్డెక్కే ముందు గాలి నింపుకోవడానికి చిన్న కంప్రెసర్ దగ్గర ఉండాలి. చక్రం కూరుకుపోయిందని యాక్సిలరేటర్ తొక్కితే అది ఇంకా లోతుకు పోతుంది. ఇంజన్ ఆపి, చక్రాల ముందు ఇసుక తవ్వి, గోనె సంచులో చెక్క పలకలో పరిచి నెమ్మదిగా కదిలించాలి. ఇందుకు పార, తాడు బండిలో తప్పక ఉంచుకోవాలి.

ఎండిన నేలలో నీళ్లు లేకపోవడమే ప్రమాదం అనుకుంటారు. నీళ్లు హఠాత్తుగా రావడం అంతకంటే పెద్ద ప్రమాదం. వంకలో, వాగులో, ఏటి ఇసుకలో నేల చదునుగా, మెత్తగా ఉంటుంది. మజిలీకి ఇంతకంటే మంచి చోటు లేదనిపిస్తుంది. కానీ పైన ఎక్కడో కురిసిన వాన గంటల్లో అక్కడికి చేరుతుంది. 2021 నవంబరు 19న అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్లమీద పడ్డ రోజును రాయలసీమ మరిచిపోలేదు. ఎండిన ఏటిలో రాత్రి బండి ఆపకూడదన్న నియమానికి మినహాయింపు లేదు.

కువైట్ శీతాకాలం, కాలిఫోర్నియా సెలవులు

అసలైన ఎడారిలో మజిలీ ఎలా ఉంటుందో రాయలసీమలో వేలాది ఇళ్లకు తెలుసు. కడప, రాజంపేట, రాయచోటి, మదనపల్లె ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా కువైట్‌కు వెళ్లి డ్రైవర్లుగా, వంటవాళ్లుగా, ఇంటిపనివాళ్లుగా బతుకుతున్నవాళ్లు ఎందరో. ఆ దేశంలో నవంబరు మధ్య నుంచి మార్చి మధ్య దాకా ఎడారి విడుదుల కాలం. ప్రభుత్వం కేటాయించిన చోట్ల అక్కడి కుటుంబాలు గుడారాలు, కారవాన్లు, జనరేటర్లు, నీళ్ల ట్యాంకులతో వారాల తరబడి మకాం వేస్తాయి. ఆ విడుదుల్లో వంట చేసేది, సామాను మోసే బండి నడిపేది చాలాచోట్ల వలస వచ్చిన పనివాళ్లే. వాళ్లకది సెలవు కాదు, పని. అయినా గాలి ఏ వైపు నుంచి వస్తుందో చూసి గుడారం ద్వారం పెట్టడం, ఇసుక తుపాను రాకముందే తాళ్లు బిగించడం, రాత్రి చలికి దుప్పట్లు సిద్ధం చేయడం ఆ పనిలో అబ్బిన విద్యలు. 1990–91 గల్ఫ్ యుద్ధంలో పాతిన మందుపాతరలు ఇంకా ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి, తెలియని వస్తువును ముట్టుకోవద్దన్న హెచ్చరిక కూడా అక్కడి ఇసుకలో భాగమే. వేసవిలో ఆ వైపు ఎవరూ వెళ్లరు. కువైట్‌లోని మిత్రిబాలో 2016 జూలై 21న 53.9 డిగ్రీల వేడి నమోదైంది.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలది మరో అనుభవం. క్రిస్మస్ సెలవులకో, వసంతకాలపు సెలవులకో అక్కడ ఆర్‌వీ అని పిలిచే మోటార్‌హోమ్‌ను అద్దెకు తీసుకుని నెవడా, అరిజోనా, కాలిఫోర్నియా ఎడారుల్లో తిరిగివస్తారు. వెంట రైస్ కుక్కర్, పచ్చళ్లు తప్పవు. అక్కడ ప్రసిద్ధమైన డెత్ వ్యాలీలో బ్యాడ్‌వాటర్ అనే చోటు సముద్రమట్టానికి 86 మీటర్ల దిగువన ఉంటుంది. 1913 జూలై 10న ఆ లోయలోని ఫర్నెస్ క్రీక్‌లో నమోదైన 56.7 డిగ్రీలే ప్రపంచ రికార్డు. వేసవిలో అక్కడికి తమ బండ్లు తీసుకెళ్లొద్దని కొన్ని అద్దె సంస్థలు ముందే షరతు పెడతాయి. లోయలోంచి పైకెక్కే రోడ్ల మీద ఇంజన్ వేడెక్కకుండా ఏసీ ఆపమని సూచించే బోర్డులు కనిపిస్తాయి.

అరిజోనాలోని క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న ఊరు శీతాకాలంలో మోటార్‌హోమ్‌లతో నిండిపోతుంది. పక్కనున్న ప్రభుత్వ భూమిలో సెప్టెంబరు 15 నుంచి ఏప్రిల్ 15 దాకా రుసుము కట్టి నెలల తరబడి ఉండొచ్చు. ఆ భూమి దాదాపు ఖాళీ ఎడారి. అయినా అంతమంది ఇబ్బంది లేకుండా ఉండగలుగుతున్నారంటే కారణం రెండు ఏర్పాట్లు. ఒకటి, మంచినీళ్లు పట్టుకునే కుళాయి. రెండోది, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే తొట్టి. వాడిన నీళ్లను ఇసుకలో వదలడం అక్కడ నేరం.

ఈ ఇసుక ఎవరిది?

వేదవతి ఒడ్డుకు తిరిగి వస్తే, ఆ దిబ్బలను చూసే కన్ను మారాలి. శాస్త్రం ప్రకారం ఏడాదికి 250 మిల్లీమీటర్ల లోపు వాన పడే నేలను ఎడారి అంటారు. అనంతపురం సగటు వర్షపాతం 500 మిల్లీమీటర్ల పైనే. పశ్చిమ కనుమల వెనక వానచాటున పడటం వల్ల దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో ఒకటైంది తప్ప, అది ఎడారిగా పుట్టలేదు. వేదవతిలో ప్రవాహం తగ్గి, నది ఇసుక ఎండి, నైరుతి రుతుపవనాల కాలంలో వీచే బలమైన గాలికి ఆ ఇసుక ఎగిరి పొలాల మీద మేట వేస్తోంది. సాగుచేసిన చేనే కొన్నేళ్లకు దిబ్బగా మారుతుంది. గట్ల మీద చెట్లు పెంచి, ఇసుకను ఆపడానికి అక్కడి రైతులు ఇప్పటికీ పోరాడుతున్నారు.

అంటే ప్రయాణికుడు ఫొటో తీసుకునే ఆ అందమైన వంపు కింద ఒకరి పొలం ఉంది. ఇసుకను పట్టి ఉంచే పొదల మీదుగా బండి పోనిస్తే, వాటి వేర్లు తెగి మరుసటి గాలికాలంలో ఇసుక ఇంకా ముందుకు జరుగుతుంది. ఊరి బోరు నుంచి ట్యాంకు నింపుకుంటే అది పశువుల తొట్టి నుంచి తీసినట్టే. అందుకని అక్కడికి వెళ్లేవాళ్లు నీళ్లు అనంతపురంలోనే నింపుకోవాలి. పంచాయతీని, పొలం యజమానిని అడిగి బండి ఆపాలి. చెత్తనూ వాడిన నీళ్లనూ వెంట తీసుకురావాలి. పాలు, కూరగాయలు, భోజనం ఆ ఊళ్లోనే కొనుక్కోవాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఇసుక గాలి, మార్చి నుంచి మే దాకా ఎండ. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా వెళ్లడం మంచిది. పొడిగాలిలో ఇసుక సూర్యాస్తమయం తర్వాత త్వరగా చల్లబడుతుంది కాబట్టి స్వెటర్లు తప్పనిసరి. చలికి తలుపులు మూసి లోపల గ్యాసు వెలిగించడం ప్రాణాంతకం. కిటికీ కొంతైనా తెరిచి ఉంచాలి.

బయల్దేరే చోట కూడా జాగ్రత్త అవసరం. పలమనేరు చుట్టూ ఉన్నది కౌండిన్య అభయారణ్యం, ఏనుగులు తిరిగే దారులు. 2023 జూన్‌లో ఇక్కడికి దగ్గర్లోని భూతలబండ వద్ద లారీ ఢీకొని మూడు ఏనుగులు చనిపోయాయి. అడవి అంచున రాత్రి బండి ఆపి వంట చేయడం మనుషులకూ ఏనుగులకూ చేటు.

బండి కాగితాల సంగతీ చూసుకోవాలి. ఉన్న వ్యానును ఇష్టానుసారం మార్చేసుకోవడానికి మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్ ఒప్పుకోదు. మార్పులకు రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు ఉండాలి. అవి లేకపోతే ప్రమాదం జరిగినప్పుడు బీమా దగ్గర చిక్కొస్తుంది. కొత్తవాళ్లు మొదట అద్దె బండితో ఒకటి రెండు రాత్రులు గడిపి చూడటం తెలివైన పని.

42వ నంబరు రహదారి ఈ తరహా ప్రయాణానికి అనువైనది. దారికి దగ్గర్లోనే హార్సిలీ హిల్స్, తిమ్మమ్మ మర్రిమాను, కదిరి నరసింహస్వామి ఆలయం ఉన్నాయి. మదనపల్లె, కదిరి, అనంతపురం, ఉరవకొండల్లో ఒక్కోచోట ఒక నీళ్ల కుళాయి, ఒక కరెంటు ప్లగ్గు, మరుగుదొడ్డి ట్యాంకు ఖాళీ చేసే తొట్టి ఏర్పాటు చేస్తే పర్యాటక శాఖకు పెద్ద ఖర్చు కాదు. పర్యాటక సంస్థ హోటళ్లు ఉన్నచోట వాటి ఆవరణలే సరిపోతాయి. కణేకల్లు, బొమ్మనహాళ్ మండలాల్లో బండ్లు ఆపే గట్టి నేలను గుర్తించి, రుసుమును పంచాయతీకే వదిలి, ఆ డబ్బుతో ఇసుకను ఆపే చెట్లు పెంచితే దిబ్బలు చూడవచ్చినవాళ్ల వల్ల ఆ రైతులకు నేరుగా మేలు జరుగుతుంది. బండ్లు ఇంకా తక్కువగా ఉన్న ఈ సమయంలోనే ఆ ఏర్పాటు మొదలుకావాలి.