రిమ్స్ కొనేముందు వెనకవైపు అంకెలు చూడండి

పిల్లల చేతికి లైసెన్సు వచ్చిందంటే ఇంట్లోని పాత అకార్డో, క్యామ్రీయో వాళ్ల పేరున పడుతుంది. నెల తిరక్కుండానే ఇంకో కోరిక: ‘నాన్నా, రిమ్స్ మారుద్దాం’. కాదనాల్సిన పనేమీ లేదు. అయితే వాళ్లు చూసేది రంగు, సైజు. మనం చూడాల్సింది రిమ్ మీద పోతపోసిన చిన్న అంకెలు.

‘17×7.5 ఈటీ45’ అని ఉందనుకోండి. 17 వ్యాసం, 7.5 వెడల్పు, రెండూ అంగుళాల్లో. టైరు అంచులు కూర్చునే చోట కొలిచిన వెడల్పు ఇది. బయటి అంచుల మధ్య టేపు పెడితే దాదాపు అంగుళం ఎక్కువే వస్తుంది. ఈటీ45 అనేది ఆఫ్‌సెట్, మిల్లీమీటర్లలో. రిమ్ వెడల్పుకు సరిగ్గా మధ్యన ఒక గీత గీస్తే, హబ్‌కు ఆనే ముఖం ఆ గీత నుంచి వీధి వైపు 45 మిల్లీమీటర్లు జరిగి ఉందని అర్థం. ఈ అంకె తగ్గేకొద్దీ చక్రం బయటికి వస్తుంది, పెరిగేకొద్దీ లోపలికి పోతుంది.

తికమకంతా వెడల్పును, ఆఫ్‌సెట్‌ను విడివిడిగా చూడటంలోనే ఉంది. పై రిమ్ తీసేసి 18×8.5 ఈటీ35 పెడదామనుకుందాం. వెడల్పు ఒక అంగుళం, అంటే 25.4 మిల్లీమీటర్లు పెరిగింది. అందులో సగం 12.7 లోపలికి, సగం బయటికి. ఆఫ్‌సెట్ 10 తగ్గింది కాబట్టి చక్రం మొత్తం 10 మిల్లీమీటర్లు బయటికి జరిగింది. కలిపితే బయటి అంచు 22.7 మిల్లీమీటర్లు బయటికొచ్చింది, లోపలి అంచు లోపలికి వెళ్లింది 2.7 మాత్రమే. అమ్మేవాళ్లు ‘ఫిట్ అవుతుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. ఈ కూడికలూ తీసివేతలూ మనమే చేసుకోవాలి.

డ్రైవ్‌వేలో ఖాళీగా నిలబెట్టిన కారుకు ఆ 22.7 అందంగానే ఉంటుంది. కానీ మన కార్లు ఖాళీగా తిరిగేవి కావు కదా! అమ్మానాన్నలు ఇండియా నుంచి దిగిన రోజు వెనక సీట్లో ముగ్గురు, డిక్కీ నిండా 23 కిలోల సూట్‌కేసులు. వెనక స్ప్రింగులు అణిగిపోయి, గుంతలో పడగానే టైరు ఫెండర్ అంచును కోసుకుంటుంది. లోపలికి ఎక్కువ పోయిన చక్రం స్ట్రట్‌కు రాసుకుంటుంది. అది ఇంకా చెడ్డది, టైరు పక్కగోడ అరిగిపోతున్నా కంటపడదు. అసలేదీ తగలకపోయినా, ఆఫ్‌సెట్ బాగా తగ్గిస్తే బేరింగ్ మీద భారం పెరుగుతుంది, గతుకుల్లో స్టీరింగ్ లాగుతుంది. 10 మిల్లీమీటర్ల స్పేసర్ వేసినా ఆఫ్‌సెట్ 10 తగ్గించినట్టే. కాబట్టి బిగించాక పరీక్ష నిండు కారుతో, స్టీరింగ్ రెండువైపులా చివరిదాకా తిప్పి చేయాలి.

టైరు ఎత్తు కూడా చూడాలి. 225/50 ఆర్17 ఎత్తు సుమారు 657 మిల్లీమీటర్లు. 18కి మారితే 225/45 దాదాపు 660, అంటే దగ్గరే. 235/45 అయితే 669. స్పీడోమీటర్ రెండు శాతం దాకా తక్కువ చూపిస్తుంది. నన్నడిగితే 18×8 ఈటీ45, 225/45 చాలు. రెండువైపులా పెరిగేది ఆరున్నర మిల్లీమీటర్ల లోపే.

అకార్డ్‌కీ క్యామ్రీకీ బోల్టుల కొలత ఒకటే, 5×114.3. మధ్య రంధ్రం మాత్రం వేరు: హోండాకు 64.1, టయోటాకు 60.1. బయటి రిమ్స్‌కు రంధ్రం పెద్దదిగా ఉంటే సరిపడే రింగులు వేయాలి, లేకపోతే హైవే మీద వణుకు రావచ్చు. హోండా సొంత నట్ల కూర్చునే భాగం గుండ్రం. బయటి రిమ్స్ ఎక్కువగా శంకువు ఆకారపు నట్లు అడుగుతాయి. పాతవి బిగిస్తే సరిగా పట్టవు.

రిమ్ మోయగల బరువు కారు అసలు రిమ్ కంటే తక్కువ ఉండకూడదు. మార్పు సంగతి ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పండి. 50 నుంచి 100 మైళ్లు తిరిగాక నట్లను టార్క్ రెంచ్‌తో మళ్లీ సరిచూడండి. పాత రిమ్స్ అమ్మేయకండి, మంచు కురిసే రాష్ట్రాల్లో వింటర్ టైర్లకు అవే పనికొస్తాయి.