భాగం 9: ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్త డ్రైవ్‌కు తరలించడం

9.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• సి డ్రైవ్‌లోని ఫైళ్లను కాపీ చేసినంత మాత్రాన కొత్త డ్రైవ్ నుంచి కంప్యూటర్ ఎందుకు మొదలుకాదో వివరించగలుగుతారు;
• క్లోనింగ్, కొత్త ఇన్‌స్టాలేషన్ – ఈ రెండింటిలో సందర్భానికి తగినదాన్ని ఎంచుకోగలుగుతారు;
• తరలింపు, అప్‌గ్రేడ్ దశలను సురక్షితమైన వరుసలో నిర్వహించగలుగుతారు.

9.1 పరిచయం

విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. ఇదే అదనుగా పాత హార్డ్ డిస్క్ తీసేసి, ఎస్‌ఎస్‌డి అమర్చి, విండోస్ 11కు మారాలని చాలామంది అనుకుంటారు. ఆలోచన మంచిదే. నిమిషానికి 7,200 సార్లు తిరిగే హార్డ్ డిస్క్‌కు ఒక చుట్టుకు 8.3 మిల్లీసెకన్లు పడుతుంది. కావలసిన సెక్టార్ చదివే హెడ్ కిందికి వచ్చేవరకు సగటున అర చుట్టు, అంటే సుమారు 4.2 మిల్లీసెకన్లు వేచి ఉండాలి. హెడ్ సరైన ట్రాక్‌కు జరగడానికి పట్టే సమయం దీనికి అదనం. విండోస్ మొదలయ్యేటప్పుడు చిన్న చిన్న ఫైళ్లను ఎన్నింటినో చదువుతుంది కాబట్టి ఈ జాప్యాలన్నీ పోగుపడతాయి. ఎస్‌ఎస్‌డిలో తిరిగే భాగాలే లేవు.

అయితే డ్రైవ్ మార్చడం ఒక పని, విండోస్ వెర్షన్ మార్చడం మరొక పని. రెండింటినీ కలిపి చేస్తే, తేడా వచ్చినప్పుడు లోపం ఎక్కడుందో తేల్చలేం. ముందు తరలించాలి, పరీక్షించాలి, ఆ తరవాతే అప్‌గ్రేడ్ చేయాలి. ఈ భాగమంతటికీ ఇదే మూలసూత్రం.

9.2 ఫైళ్లు కాపీ చేస్తే చాలదా?

చాలదు. కంప్యూటర్ స్విచ్ వేయగానే మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ పని మొదలుపెడుతుంది. యుఇఎఫ్‌ఐ పద్ధతిలో అది డిస్క్‌లోని పార్టిషన్ పట్టికను చదివి, మామూలుగా మనకు కనిపించని ఒక చిన్న పార్టిషన్‌ను వెతుకుతుంది. దీన్ని ఇఎఫ్‌ఐ సిస్టమ్ పార్టిషన్ అంటారు. విండోస్ బూట్‌లోడర్ ఉండేది అక్కడే. ఏ డిస్క్‌లో, ఏ పార్టిషన్‌లో విండోస్ ఉందో బూట్‌లోడర్ తన దగ్గరున్న నమోదులో చూసుకుంటుంది. ఆ నమోదులో ఉండేది ‘సి’ అనే అక్షరం కాదు, డిస్క్‌కు, పార్టిషన్‌కు ఉన్న గుర్తింపు సంఖ్యలు.

మీరు సి డ్రైవ్‌ను మాత్రమే కాపీ చేస్తే దాచిన పార్టిషన్ రాదు, గుర్తింపు సంఖ్యలు కలవవు. ఇంట్లో సామానంతా మార్చి, కొత్త చిరునామా పోస్టాఫీసుకు చెప్పకపోవడం లాంటిది ఇది.

పార్టిషన్ పట్టికలు రెండు రకాలు. పాతదైన ఎంబిఆర్ సెక్టార్లను 32 బిట్లతో లెక్కిస్తుంది. సెక్టార్‌కు 512 బైట్ల చొప్పున గరిష్ఠంగా సుమారు 2.2 టెరాబైట్లకే సరిపోతుంది. జిపిటికి ఈ పరిమితి లేదు. యుఇఎఫ్‌ఐ పద్ధతిలో విండోస్ మొదలవ్వాలంటే డిస్క్ జిపిటి రకంగా ఉండాలి.

9.3 క్లోనింగా, కొత్త ఇన్‌స్టాలేషనా?

క్లోనింగ్ అంటే దాచిన పార్టిషన్లతో సహా డిస్క్ మొత్తానికి నకలు తీయడం. ప్రోగ్రాములు, సెట్టింగులు యథాతథంగా వస్తాయి. పాత లోపాలు, వైరస్‌లు ఉంటే అవీ వస్తాయి. కొత్త ఇన్‌స్టాలేషన్ శుభ్రంగా ఉంటుంది కానీ ప్రతి ప్రోగ్రామునూ మళ్లీ ఎక్కించుకోవాలి.

ఒక డీటీపీ సెంటర్‌ను ఊహించండి. అక్కడ పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కూర్చిన పెళ్లి పత్రికలు, పుస్తకాలు ఏళ్ల తరబడి పేరుకుని ఉంటాయి. ఇవి యూనికోడ్ ఫైళ్లు కావు. ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో తెలుగు రూపాలను అమర్చిన ఫాంట్లతో తయారైనవి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగుకు బదులు అర్థంలేని ఇంగ్లీషు అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. ఆ సాఫ్ట్‌వేర్ సీడీ, లైసెన్సు చేతిలో లేకపోతే కొత్త ఇన్‌స్టాలేషన్ తరవాత ఫైళ్లు భద్రంగా ఉన్నా పని ఆగిపోతుంది. ఇలాంటి చోట క్లోనింగే మేలు. బ్రౌజర్, ఆఫీసు ప్రోగ్రాములు తప్ప మరేమీ వాడని విద్యార్థికి కొత్త ఇన్‌స్టాలేషన్ హాయి.

9.4 తరలింపు క్రమం

1. ముఖ్యమైన ఫైళ్లను మూడో చోట, అంటే పాత, కొత్త డ్రైవ్‌లు రెండూ కాని మరో డిస్క్‌లో భద్రపరచండి. పాత డిస్క్ నుంచి టకటక శబ్దం వస్తుంటే ఈ పనికి ఒక్క రోజు కూడా ఆలస్యం చేయవద్దు.
2. బిట్‌లాకర్ ఉంటే 48 అంకెల రికవరీ కీని కాగితంపై రాసుకోండి. ఆ తరవాత బిట్‌లాకర్‌ను ఆఫ్ చేసి, డీక్రిప్షన్ పూర్తయ్యేవరకు ఆగండి.
3. మీ కంప్యూటర్‌కు ఏ రకం ఎస్‌ఎస్‌డి పడుతుందో మాన్యువల్‌లో చూడండి. ఎం.2 స్లాట్ ఉన్నంత మాత్రాన ఎన్‌విఎంఇ డ్రైవ్ పనిచేస్తుందని చెప్పలేం. కొన్ని స్లాట్లు సాటా రకాన్నే తీసుకుంటాయి.
4. కొత్త డ్రైవ్ చిన్నదైతే అందులో పట్టేలా పాత పార్టిషన్‌ను ముందే కుదించండి.
5. క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌లో మూలం, గమ్యం ఎంచుకోండి. ఇవి తారుమారైతే ఖాళీ డిస్క్ వచ్చి నిండు డిస్క్‌పై పడుతుంది, ఉన్నదంతా తుడిచిపెట్టుకుపోతుంది. డ్రైవ్ అక్షరాలను నమ్మవద్దు. కంపెనీ పేరు, మోడల్, సామర్థ్యం మూడూ సరిచూసిన తరవాతే బటన్ నొక్కండి.
6. పని ముగియగానే కంప్యూటర్ ఆపి, పాత డ్రైవ్‌ను విప్పేసి, కొత్తదానితో మాత్రమే ప్రారంభించండి. క్లోన్‌కు, అసలుకు గుర్తింపు సంఖ్యలు ఒకటే కావచ్చు. రెండూ ఉంటే విండోస్ దేని నుంచి మొదలైందో తెలియకపోవచ్చు. కొత్తదాని మీదే ఉన్నామనుకుని పాతదాన్ని వాడుతూ, చివరికి పొరపాటు డిస్క్‌ను ఫార్మాట్ చేసే ప్రమాదం ఇక్కడే ఉంది.

9.5 పరీక్ష, అప్‌గ్రేడ్

కనీసం ఒక వారం మామూలు పని చేయండి. పాత ఫైళ్లు తెరవండి, ప్రింట్ తీయండి. అంతా సవ్యంగా ఉంటే అప్‌గ్రేడ్‌కు సిద్ధంకండి. విండోస్ 11కు ఆమోదిత ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, యుఇఎఫ్‌ఐ, టిపిఎం 2.0 అవసరం. కొత్త డ్రైవ్ వేసినంత మాత్రాన పాత ప్రాసెసర్‌కు అర్హత రాదు కాబట్టి ఈ జాబితాను ఎస్‌ఎస్‌డి కొనకముందే చూసుకోవాలి. డిస్క్ ఎంబిఆర్ రకమైతే విండోస్‌లోనే ఉన్న ‘ఎంబిఆర్2జిపిటి’ ఉపకరణం డేటా పోకుండా దాన్ని మారుస్తుంది. ఆ తరవాత ఫర్మ్‌వేర్‌ను యుఇఎఫ్‌ఐ పద్ధతికి మార్చాలి.

అప్‌గ్రేడ్ నచ్చకపోతే సాధారణంగా 10 రోజుల్లోపు సెట్టింగుల నుంచే వెనక్కి వెళ్లవచ్చు. అంతకంటే గట్టి భరోసా మీరు విప్పి పక్కన పెట్టిన పాత డ్రైవ్. దానిపై తేదీ రాసి, కనీసం ఒక నెల ముట్టుకోకండి. అయితే అందులో ఉన్నది ఆ తేదీ వరకు చేసిన పని మాత్రమే. తరవాతి పనికి బ్యాకప్ విడిగా తీసుకోవలసిందే.

9.6 సారాంశం

ఆపరేటింగ్ సిస్టమ్ అంటే ఫైళ్ల కుప్ప మాత్రమే కాదు. పార్టిషన్ పట్టిక, బూట్‌లోడర్, గుర్తింపు సంఖ్యలు కలిస్తేనే అది మొదలవుతుంది. క్లోనింగ్ వీటన్నింటినీ తీసుకువస్తుంది. ఒకసారి ఒక మార్పే చేయాలి, కొత్తది నిలకడగా పనిచేసేవరకు పాతదాన్ని చెరపకూడదు.

9.7 మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. సి డ్రైవ్‌ను మాత్రమే కాపీ చేస్తే కొత్త డ్రైవ్ నుంచి విండోస్ ఎందుకు మొదలుకాదు?
2. క్లోనింగ్ ముగిసిన వెంటనే పాత డ్రైవ్‌ను ఎందుకు విప్పాలి?
3. మీ ఊరిలోని ఒక డీటీపీ సెంటర్‌కు తరలింపు ప్రణాళిక తయారుచేసి, ప్రతి దశకు కారణం రాయండి.