చూపు లేదని అక్షరాభ్యాసం మానేస్తామా?

మా దూరపు బంధువుల ఇంట్లో ఒక పాపకు పుట్టుకతోనే చూపు లేదు. ఐదో ఏడు వచ్చింది. వసంత పంచమి నాడు ఆ ఇంట్లో పాప ఈడు పిల్లాడికే అక్షరాభ్యాసం చేస్తున్నారు. "పన్లో పని, దీనికి కూడా చేయించెయ్యండి" అన్నారెవరో. "కళ్లు లేని పిల్లకు అక్షరాలెందుకమ్మా? ఇంత తినిపించి కనిపెట్టుకుని ఉంటే చాలు" అంది పాప నాయనమ్మ. కటువుగా ఏం అనలేదావిడ, ప్రేమగానే అంది. తల్లి మాత్రం వంటింట్లోకి వెళ్లి కొంగుతో కళ్లొత్తుకుంది. ఆ రాత్రి పాప అడిగిందట, "అమ్మా, బియ్యంలో నాకెందుకు రాయించలేదు?" అని.

ఇలాంటి బిడ్డ ఉన్న ఏ తల్లి మనసులోనైనా మెదిలే భయం ఒకటే. "నేను పోయాక దీని గతేమిటి?" ఆ భయంతోనే అన్నం కలిపి పెడతాం, జడ వేస్తాం, గ్లాసు చేతికందిస్తాం. పదేళ్లొచ్చినా పక్కనుండి నడిపిస్తాం. భయం పోవాలంటే చేయాల్సింది దీనికి సరిగ్గా తిరగేసి. బిడ్డ చేతికి పని ఇవ్వాలి, అక్షరం ఇవ్వాలి. రెండింటికీ దారులున్నాయి.

పాఠం అదే, దారి వేరు

18వ శతాబ్దం చివర్లో పారిస్‌లో వాలెంటిన్ హవుయ్ అనే ఆయన చూపులేని పిల్లలకు బడి పెట్టాడు. మామూలు అక్షరాలనే కాగితం మీద ఉబ్బెత్తుగా అచ్చువేసి వేళ్లతో చదివించాడు. పిల్లలు చదివారు గానీ, ఒక్కో అక్షరాన్ని తడుముకుంటూ పోవడంతో చదువు చాలా నెమ్మదిగా సాగేది. కంటి కోసం పుట్టిన అక్షరాన్ని వేలికి అంటగడితే అంతే మరి!

తర్వాత ఆ బడికే వచ్చిన కుర్రాడు లూయీ బ్రెయిలీ. 1809లో పుట్టాడు. తండ్రి గుర్రపు జీనులు కుట్టేవాడు. మూడేళ్ల వయసులో తండ్రి పనిముట్టుతో ఆడుకుంటుంటే అది కంట్లో గుచ్చుకుంది. క్రమంగా రెండు కళ్లూ పోయాయి. చీకట్లో చదువుకోవడానికని బార్బియే అనే మాజీ సైనికాధికారి కనిపెట్టిన 12 చుక్కల లిపి ఆ బడికి వస్తే, బ్రెయిలీ దాన్ని పట్టుకుని, వేలి కొన కింద ఒకేసారి ఇమిడేలా ఆరు చుక్కలకు కుదించాడు. అప్పటికి అతనికి పదిహేనేళ్లు. ఆ ఆరు చుక్కలతోనే ఇవాళ తెలుగు కూడా రాస్తున్నారు. మన దేశ భాషలన్నిటికీ కలిపి భారతీ బ్రెయిలీ అనే ఏర్పాటు 1951లో వచ్చింది.

గుడ్ల ట్రేలో 'కమల'

బ్రెయిలీ అనగానే "అమ్మో, మనకేం వస్తుంది!" అనుకోకండి. కోడిగుడ్ల అట్ట ట్రే ఒకటి తీసుకుని, రెండు వరసల్లో మూడేసి గుంటలు ఉండేలా ముక్క కత్తిరించండి. ఎడమ వరసలో పైనుంచి కిందికి 1, 2, 3. కుడి వరసలో 4, 5, 6. ఇదే బ్రెయిలీ గడి. ఇలాంటివి మూడు చేసి పక్కపక్కన పెట్టండి. మొదటి దాంట్లో 1, 3 గుంటల్లో నిమ్మకాయలు పెడితే 'క'. రెండో దాంట్లో 1, 3, 4 పెడితే 'మ'. మూడో దాంట్లో 1, 2, 3 పెడితే 'ల'. అంతే, 'కమల' అయింది! గుణింతాలు పైనా కిందా తగిలించడం ఉండదు, అచ్చు గుర్తు పక్క గడిలో వస్తుంది.

గడి అలవాటయ్యాక స్లేటు, స్టైలస్ కొనివ్వొచ్చు. స్లేటంటే గళ్లున్న చట్రం, స్టైలస్ అంటే మొన ఉన్న పొడిచే పుల్ల. మందపాటి కాగితం పెట్టి కుడినుంచి ఎడమకు పొడుస్తారు. కాగితం తిరగేస్తే చుక్కలు ఉబ్బి ఎడమనుంచి కుడికి చదువుకోవడానికి వస్తాయి. లెక్కలకు పూసల చట్రం ఉంది, టేలర్ ఫ్రేమ్ ఉంది.

ఒక్క మాట. అక్షరాభ్యాసంలో పిల్ల చేతిని మనం గట్టిగా పట్టుకుని దిద్దిస్తాం కదా! చూపులేని పిల్లకు అలా చేయకండి. ఎటు లాక్కెళుతున్నారో తెలియక చేయి వెనక్కు తీసుకుంటుంది. మీ చేయి కింద ఉంచి, పిల్ల చేతిని పైన పెట్టుకోమనండి. మీ చేయి ఏం చేస్తోందో తనే తడిమి తెలుసుకుంటుంది, ఇష్టం లేనప్పుడు చేయి తీసేసుకునే వీలూ ఉంటుంది.

"ఫోను చదివి పెడుతుందిగా?"

నిజమే, పెడుతుంది. ఆండ్రాయిడ్ ఫోన్లలో సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ అనే చోట టాక్‌బ్యాక్ ఉంటుంది. అది ఆన్ చేస్తే వేలు పెట్టిన చోట ఏముందో పైకి చెబుతుంది. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే పని చేస్తుంది. తెలుగులో కూడా మాట్లాడుతుంది. ముందు మీరు కళ్లు మూసుకుని రెండ్రోజులు వాడి చూడండి. అప్పుడుగాని పిల్లకు చెప్పడం రాదు. కంప్యూటర్‌కైతే ఎన్.వి.డి.ఎ. అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. 2006లో మైకేల్ కరన్ మొదలుపెట్టగా జేమ్స్ టే తోడయ్యాడు. ఆస్ట్రేలియాకు చెందిన ఈ ఇద్దరికీ చూపు లేదు.

ఈ సాధనాలకు ఒక చిక్కుంది. టైపు చేసిన అక్షరాన్ని గడగడా చదువుతాయి గానీ, ఫోటోలో ఉన్న అక్షరాన్ని చదవడానికి తడబడతాయి. టీచరుగారు హోంవర్కు ఫోటో తీసి వాట్సాప్‌లో పెడితే మీ పిల్లకు అది ఖాళీ కాగితమే. "అమ్మా, దయచేసి టైపు చేసి పంపండి, లేదా చదివి రికార్డు చేసి పంపండి" అని అడగండి. మొహమాటపడొద్దు. మీరు కూడా పాఠాలు రికార్డు చేయొచ్చు. పాఠానికో రికార్డు. మొదట పాఠం పేరు, పేజీ నంబరు చెప్పండి. బొమ్మ వస్తే దాటెయ్యకుండా అందులో ఏముందో వర్ణించండి.

మచిలీపట్నం దగ్గరి పల్లెలో పుట్టిన శ్రీకాంత్ బొల్లా సంగతి చాలామందికి తెలిసే ఉంటుంది. చూపు లేదని ఇంటర్లో సైన్సు ఇవ్వమంటే కోర్టుకెళ్లి అనుమతి తెచ్చుకున్నాడు. పాఠాలు ఆడియోలో విని చదివాడు. అమెరికాలోని ఎం.ఐ.టి.లో చదివి వచ్చి, 2012లో బొల్లాంట్ ఇండస్ట్రీస్ పెట్టాడు.

అయితే వినడం ఒక్కటే చాలదు. శంఖంలో ఏ 'శ', షరతులో ఏ 'ష', చెవికి తెలుస్తుందా? కళ్లున్న మన పిల్లలకే 'న', 'ణ' తికమక. వినడంతోనే పెరిగిన పిల్లకు కథ తెలుస్తుంది గానీ, మాటను ఎలా రాస్తారో తెలియదు. వేలితో చదివిన పిల్లకే అది తెలుస్తుంది. అందుకే ఫోనూ కావాలి, బ్రెయిలీ కూడా కావాలి.

"వీడు విని నేర్చుకునే రకం" అంటారు

కొందరు చూసి, కొందరు విని, కొందరు చేసి నేర్చుకునే రకాలని, రకాన్ని బట్టే చెప్పాలని ఒక మాట బాగా ప్రచారంలో ఉంది. 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి కొందరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పరిశోధనలన్నీ వడగట్టి చూశారు. అలా రకం కట్టి చెబితే చదువు బాగా వస్తుందనడానికి తగిన ఆధారం లేదని తేల్చారు. కాబట్టి మీ బిడ్డ మీద ఏ ముద్రా వేయకండి. చూపులేని పిల్లకు వేలూ చెవీ 'రకం' కాదు, పాఠం వెళ్లే దారులు. ఎన్ని దారులు తెరిస్తే అంత మంచిది. 'చింతకాయ' అని విననివ్వండి, చేతికివ్వండి, వాసన చూడనివ్వండి, కొరికి మొహం చిట్లించనివ్వండి. ఆ తర్వాత వేలితో చదవనివ్వండి. ఇక మరచిపోమన్నా మరచిపోదు.

వంటిల్లే మొదటి బడి

• కందులు, పెసలు, శనగలు కలిపిచ్చి వేరు చేయమనండి. బ్రెయిలీ చుక్కలు గుర్తుపట్టాల్సిన వేళ్లకు అదే సాధన.
• ఉప్పు సీసాకు ఒక రబ్బరు బ్యాండు, పంచదార సీసాకు రెండు వేయండి. ఏ సీసా ఎక్కడుందో అక్కడే ఉంచండి. ఇంట్లో అందరికీ ఈ నియమం చెప్పండి.
• చన్నీళ్లు గ్లాసులో పోసేటప్పుడు వేలు అంచుకు లోపల ఉంచమనండి. నిండుతుంటే మారే చప్పుడు కూడా విననివ్వండి. వేడివాటికి మాత్రం వేలు వద్దు, నిండగానే కూతపెట్టే చిన్న పరికరం ఉంది.
• పొయ్యి పని పక్కన మీరుండగానే, అదీ పెద్దయ్యాకే. ముందు ఆర్పిన పొయ్యి మీద చల్లటి గిన్నెతో అలవాటు చేయండి.
• కాస్త చూపున్న పిల్లలకు తెల్లటి పళ్లెంలో అన్నం కనబడదు, ముదురు రంగు పళ్లెంలో పెట్టండి. అక్షరాలు పెద్దవిగా, నల్లటి మందపాటి స్కెచ్ పెన్నుతో రాయండి. పుస్తకాన్ని వ్యాసపీఠం మీద నిలబెడితే మెడ వంచక్కర్లేదు.

ఎవర్ని అడగాలి?

కంటి డాక్టరు "ఇక చేసేదేం లేదు" అన్నా, మిగిలిన చూపును వాడుకోవడం నేర్పే విభాగాలుంటాయి. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఉంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ సమగ్ర శిక్ష కింద భవిత కేంద్రాలున్నాయి, మీ మండల విద్యాశాఖ కార్యాలయంలో అడగండి. వైకల్య ధ్రువపత్రం ముందే తీసుకోండి. 2016 నాటి చట్టం ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచిత చదువు హక్కు. దగ్గర్లోని బడా, ప్రత్యేక బడా అన్నది మీ ఇష్టం. చదవడానికి సుగమ్య పుస్తకాలయ అనే ఆన్‌లైన్ గ్రంథాలయం 2016 నుంచి ఉంది.

ఇంతకీ ఆ పాప సంగతి చెప్పలేదు కదూ! మరుసటి ఏడు వసంత పంచమికి అక్షరాభ్యాసం చేశారు. పళ్లెంలో బియ్యం అలాగే పోశారు, పక్కన గుడ్ల ట్రే ముక్క పెట్టారు. పాప మొదటి గుంటలో ఒక్క నిమ్మకాయ పెట్టి "అ" అంది. నాయనమ్మ పక్కనే కూర్చుని, "ఏదే, నాకూ చూపించు" అంటూ తన చేయి చాపింది. పాప ఆవిడ వేలు పట్టుకుని ఆ గుంటలో పెట్టింది.