నవ్వు ఎవరి మీద పడుతోంది?

కొలువు, యాస, కామెడీ: పాలకుర్తి చెవితో విన్న కథ

ఈ ఆదివారానికి సంపాదకులు ఇచ్చిన అంశం: పనిచోట భాషల రాపిడిపై ఫ్రెంచ్ వ్యంగ్య చిత్రం, దానికి మన దగ్గర సాటి. ఫ్రెంచ్ సినిమా వెంటనే తట్టింది. అమేలీ నోతోంబ్ 1999 నవల ఆధారంగా అలెన్ కోర్నో 2003లో తీసిన 'స్టుపర్ ఎ ట్రాంబ్లమాఁ'. టోక్యో కంపెనీలో చేరిన బెల్జియం యువతి జపనీస్ చక్కగా మాట్లాడుతుంది. అతిథులు ఇబ్బంది పడ్డారని, ఇకపై ఆ భాష రానట్టే ఉండమని పైఅధికారి హుకుం జారీ చేస్తాడు. ప్రేక్షకుడు నవ్వేది ఆమె మాటను చూసి కాదు, ఆ హుకుంను చూసి. నాకు కొలబద్ద దొరికింది.

దాంతో తెలుగు సినిమాను కొలిస్తే 'పెళ్ళిచూపులు' (2016) దగ్గర ఆగాను. వంటంటే ప్రాణమిచ్చే ప్రశాంత్, వ్యాపారం తెలిసిన చిత్ర కలిసి ఫుడ్ ట్రక్ నడుపుతారు. అదే వాళ్ల ఆఫీసు. అందులో స్నేహితుడు కౌశిక్‌గా ప్రియదర్శి తెలంగాణ మాటతో హాలంతా నవ్వించాడు. ఆ మాటకు అంత ప్రాణం ఎలా వచ్చిందని వెతికితే జవాబు శబ్దగ్రహణంలో ఉంది. దర్శకుడు తరుణ్ భాస్కర్ సింక్ సౌండ్ వాడారు. మన సినిమాల్లో చాలావరకు నటులు సెట్‌లో పెదవులు కదుపుతారు, గొంతు తర్వాత స్టూడియోలో చేరుతుంది. కొన్నిసార్లు ఆ గొంతు వేరొకరిది. ఊపిరి, తొట్రుపాటు, ఒకరి మాట మీద ఇంకొకరు పడటం అక్కడే రాలిపోతాయి. యాస బతికేది వాటిలోనే. సెట్‌లోని గొంతునే ఉంచేస్తే మాట దాని ఊరితో సహా తెరమీదికి వస్తుంది. ఆ సినిమాకు ఉత్తమ తెలుగు చిత్రంతోపాటు సంభాషణలకూ జాతీయ అవార్డు రావడం నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

అయినా ఒక శంక పోలేదు. యాస నవ్వుల భారం ఎక్కువగా మోసింది హీరో పక్కనుండే స్నేహితుడే. అందరూ ఒకే యాస మాట్లాడితే నవ్వు ఎటు పోతుంది? వేణు ఎల్దండి 'బలగం' (2023) దీనికి జవాబిచ్చింది. ఇంటిల్లిపాదీ ఒకే మాట కాబట్టి యాస వింతగా వినపడదు. నల్లిబొక్క కోసం బామ్మర్ది, బావ తెగదెంపులు చేసుకున్న పంతానికి నవ్వొస్తుంది, ఆ వెంటనే కళ్లు చెమరుస్తాయి. అక్కడ ప్రియదర్శే కథానాయకుడు.

ఈ యాస వెనుక చరిత్ర రెండు ముక్కల్లో: నిజాం ఏలుబడిలో దఫ్తరు భాష ఉర్దూ. 1956లో ఆంధ్రప్రదేశ్, 1966లో తెలుగును అధికార భాష చేసిన చట్టం. 'ప్రతిఘటన' (1985)లో తెలంగాణ యాస దుష్ట నాయకుడి నోట పలికింది. 'మా భూమి' మాత్రం అంతకుముందే దాన్ని పోరాడే మనుషుల మాటగా చూపింది. 2014లో తెలంగాణ రాష్ట్రం వచ్చింది.

బిజ్జలుడి ఖజానాలో తనిఖీ

శైవకవి పాల్కురికి సోమనాథుడిది తెలంగాణలోని మా పాలకుర్తే. జాను తెనుగును నెత్తిన పెట్టుకుని ద్విపదలో 'బసవపురాణం' రాశాడు. అందులోనూ ఒక ఆఫీసు కథ ఉంది. రాజు బిజ్జలుడి సొమ్ము జంగమయ్యలకు పంచుతున్నాడని అతని కొలువులోని బసవన్న మీద తోటి ఉద్యోగులు చాడీలు చెబుతారు. రాజు లెక్క చూస్తే ఒక్క మాడా తగ్గదు. చాకలి మాచయ్య లాంటి పనివాళ్లు రాజు ముందు తలవంచని కథలూ ఆ పుస్తకంలోనే ఉన్నాయి.

ఇక రావాల్సిన సినిమా

మా పాలకుర్తి మాట మాట్లాడే కలెక్టరమ్మ, డాక్టర్, కంపెనీ మేనేజరు తెరమీద కనిపించాలి. వాళ్లు నోరు విప్పగానే నవ్వు రాకూడదు. వాళ్ల మాట విని ముఖం చిట్లించే పైఅధికారిని చూసి రావాలి. అలాంటి ఆఫీసు కామెడీకి కావాల్సిన రచయితలు, నటులు ఇప్పటికే మన దగ్గర ఉన్నారు. కథ వాళ్ల చేతికివ్వాల్సింది నిర్మాతలే.